కాలము మిగిల్చు యంత్రములు: మిగిలిన కాలమెక్కడ?

చిలమత్తూరు ప్రాంతపు రైతునకు సంవత్సరమున 365 దినములు కలవని పంచాంగము చెప్పుచున్నది. అతని భూమి మాత్రము ఆ లెక్క నంగీకరింపదు. సాలునకు సగటున సుమారు 550 మిల్లీమీటరుల వాన మాత్రమే కురియు అనంతపుర పీఠభూమిలో, లోతు లేని ఎఱ్ఱ నేలలలో, ఒక మంచి వాన కురిసిన పిమ్మట విత్తుటకు తగిన పదును నిలుచునది కొలది దినములే. ఆ దినములలోనే గుంటక తోలి, గొఱ్ఱు కట్టి, వేరుసెనగ విత్తనమును నేలలో వేయవలెను. అవి దాటినచో తరువాతి వానకై ఆకాశము వైపు చూచుచు కూర్చుండవలసినదే. పదును ప్రకృతి యిచ్చునది. అదను మనుష్యుడు కనిపెట్టవలసినది. రెండును కలిసిననాడే పైరు. ఆ నాలుగు దినములలో ఒకటి యేదో ముద్ర కొఱకు, ఏదో నకలు కొఱకు కచేరీ వాకిట గడచిపోయినచో, ఆ నష్టమును ఏ ఖాతాలోను ఎవరును వ్రాయరు. రైతు మాత్రము దానిని కళ్లమునందు కొలుచుకొనును.

కావున తక్కువ కాలమున ఎక్కువ పని చేయుట యెట్లను ప్రశ్న పట్టణములలోని పెద్ద కచేరీలకే చెందినదని తలచుట పొరపాటు. దాని యవసరము కరువు సీమకే యధికము. బెంగుళూరు, హైదరాబాదు నగరములను కలుపు రహదారి కొడికొండ చెక్కుపోస్టు కడ ఈ మండలము మీదుగా పోవుచున్నది. ఆ దారిని బెంగుళూరు కంప్యూటరు కంపెనీకి పోవు యువకుని చేతను, హిందూపురపు సంతకు పట్టుగూళ్లు చేర్చు రైతు చేతను నేడు ఒకే విధమగు సెల్‌ఫోను కలదు. ఉత్తరము, తంతి, గడియారము, లెక్కల పుస్తకము, దేశపటము, వార్తాపత్రిక, బ్యాంకు: ఇన్నియు ఆ అరచేతి పలకలో ఇమిడినవి. అయినను "తీరిక లేదు" అను మాట మన నోట ఇంతగా మునుపెన్నడును వినబడలేదు. యంత్రము మిగిల్చిన కాలము ఎక్కడికి పోవుచున్నది?

పాత యింటిలో క్రొత్త యంత్రము

ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. 1987లో రాబర్టు సోలో అను అమెరికా ఆర్థిక శాస్త్రవేత్త, కంప్యూటరులు ఎల్లెడల కనబడుచున్నను ఉత్పాదకత లెక్కలలో మాత్రము వాని జాడ కానరాదని యెత్తిపొడిచెను. ఆ సంవత్సరముననే ఆయనకు నోబెలు బహుమానము లభించినది. మూడేండ్ల పిమ్మట, 1990లో, పాలు డేవిడు అను ఆర్థిక చరిత్రకారుడు విద్యుచ్ఛక్తి చరిత్రనుండి దీనికొక సమాధానము తెచ్చెను. ఎడిసను న్యూయార్కులో విద్యుత్కేంద్రమును 1882లో తెఱచెను. కాని 1899 నాటికి అమెరికా కర్మాగారములను నడపు శక్తిలో విద్యుత్తు భాగము నూటికి అయిదైనను లేదు. విద్యుత్తును తెచ్చుకొన్నవారు సైతము మొదట ఆవిరి యంత్రమును తీసివేసి, ఆ చోటనే ఒక పెద్ద మోటారు నుంచి, కప్పుక్రింది పొడవైన ఇరుసులను, వానినుండి వ్రేలాడు తోలుబెల్టులను ఉన్నవి ఉన్నట్లుగనే యుంచిరి. ప్రతి యంత్రమునకును దాని చిన్న మోటారు నమర్చి, పని నడచు క్రమమును బట్టి కర్మాగారమునే మార్చి కట్టుకొన్న పిమ్మట, 1920 మొదలుకొని గాని దాని పూర్ణఫలము వారికి దక్కలేదు.

మన కచేరీలలోను, అంగళ్లలోను, ఇండ్లలోను నేడు జరుగుచున్నది ఇదియే. పాత బల్లమీద కంప్యూటరు వచ్చి కూర్చున్నది. పాత దస్త్రము దాని ప్రక్కనే యున్నది. గుమాస్తా యొక అర్జీని కంప్యూటరులో నెక్కించి, కాగితముపై అచ్చు తీసి, సంతకము చేయించి, ఆ కాగితమునకు మరల ఛాయ తీసి, పై కచేరీకి పంపుచున్నాడు. అచ్చట దానిని మరల కాగితముపై తీయుచున్నారు. మునుపొకటిగ నుండిన పని నాలుగైనది. ఇందు యంత్రము దోష మేమియు లేదు. ఇరుసులు, తోలుబెల్టులు తీయక మోటారు పెట్టుకొన్నవారికి దొరకు ఫలితమే మనకును దొరకుచున్నది.

అనంతపురపు పరీక్ష

ఈ విషయమునకు దూరదేశముల దృష్టాంతములే యక్కఱలేదు. మన ఉమ్మడి జిల్లాలోనే యొక గొప్ప పరీక్ష జరిగినది. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. కూలి డబ్బు పెక్కుచోట్ల తపాలా కచేరీల ద్వారా చేరుచుండెను. గ్రామమున తపాలా కచేరీ లేని కూలివాడు పొరుగూరికి నడచి, వరుసలో నిలిచి, "నేడు డబ్బు రాలేదు" అను మాట విని మరలి వచ్చుటయు కలదు. ఒకనాటి కూలిని పుచ్చుకొనుటకు ఇంకొకనాటి కూలిని పోగొట్టుకొనుట యన్నమాట.

అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వ్రేలిముద్రతో కూడిన స్మార్టుకార్డుల ద్వారా ఈ చెల్లింపులు చేయ నిశ్చయించినప్పుడు, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికవేత్తలు ప్రభుత్వముతో కలిసి, ఎనిమిది జిల్లాలలో ఏ మండలములకు కార్డులు ముందు పోవలెనో చీట్లు వేసినట్లు నిర్ణయించి, రెండేండ్లపాటు ఫలితములను పోల్చిరి. ఆ యెనిమిదింటిలో అనంతపుర మొకటి. 2016లో ప్రకటితమైన వారి పరిశోధన ప్రకారము, కార్డులు చేరిన మండలములలో కూలి పుచ్చుకొనుటకు పట్టు కాలము సుమారు అయిదవ వంతు, అనగా 20 నిమిషములకు పైగా తగ్గెను. పనిచేసిన నాటికిని డబ్బు చేతబడిన నాటికిని నడుమ గల వ్యవధియు చాల దినములు తగ్గెను. నడుమ కాజేయబడు సొమ్ము సుమారు 40 శాతము తగ్గెను. కూలివారికి మిగిలిన కాలము విలువ యొక్కటియే ఆ యేర్పాటునకైన ఖర్చునకు సరితూగినదని వారు లెక్కగట్టిరి.

అయితే ఇందు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. రెండేండ్లు గడచిన పిమ్మట గూడ ఆ మండలములలో సుమారు సగము చెల్లింపులు మాత్రమే కార్డుద్వారా జరిగినవి. అయినను కాలము మిగిలినది. కారణమేమి? కార్డుతోపాటు చెల్లింపుల యేర్పాటే మారినది. డబ్బు పంచు మనిషి గ్రామములోనికే వచ్చెను. ఆ పనికి స్వయం సహాయక సంఘములలోని గ్రామ స్త్రీలనే యెన్నుకొనవలెనని నియమించిరి. మోసము తగ్గుటకు వ్రేలిముద్ర కారణమైనను, కాలము మిగులుటకు ముఖ్యకారణము ఈ యేర్పాటు మార్పే యని పరిశోధకుల యభిప్రాయము. కార్డు మోటారు వంటిది. గ్రామములోనికి వచ్చిన ఆ స్త్రీ, మార్చి కట్టిన భవనము వంటిది.

దారి తగ్గించు సాధనములు

భూమి లెక్కల చరిత్రయు ఇట్టిదే. 1800లో నిజాము దత్తమండలములను కుంఫిణీ కప్పగించిన పిమ్మట, 1807 వరకు ఇచ్చట ప్రధాన కలెక్టరుగ నుండిన తామసు మన్రో పొలము వెంబడి పొలము కొలిపించి, రైతు పేర లెక్క వ్రాయించెను. ఆ లెక్కలు తరతరములుగా కరణముల చేతులలో నుండెను. 1984లో కరణము, మునసబు ఉద్యోగములు రద్దగు వరకు, భూమి గలవానికి తన భూమి తనదని చెప్పు కాగితము మరియొకని పెట్టెలో నుండినదనుట యతిశయోక్తి కాదు. 1998లో రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటరులు వచ్చెను. 2011లో మీసేవ, 2015లో "మీ భూమి" వచ్చెను. 2019 అక్టోబరు 2వ తేదీన గ్రామ సచివాలయములు వెలసెను. 2025 జనవరి 30వ తేదీన "మన మిత్ర" పేర 161 సేవలతో వాట్సాపు ద్వారానే ప్రభుత్వ కార్యములు నెరవేర్చుకొను వసతియు కలిగినది. నేడు చిలమత్తూరు రైతు తన అడంగలును, ఒకటి-బి నకలును తన యరుగు మీదనే చూచుకొనగలడు.

మన పొరుగుననే, బాగేపల్లికి ఈవలనుండియే మొదలగు కర్ణాటక రాష్ట్రము "భూమి" అను పథకమున సుమారు 2 కోట్ల లెక్కలను కంప్యూటరుల కెక్కించి, 2001 ప్రాంతమున తాలూకా కచేరీలలో పహణి నకలును 15 రూపాయలకు ఇచ్చుట ప్రారంభించెను. అచ్చటివారు చేసిన ధైర్యపు పని యేదనగా, కంప్యూటరు నకలు వచ్చిన చోట చేతివ్రాత నకలు చెల్లదని శాసించుట. రెండు పుస్తకములు ప్రక్కప్రక్కన నడచినంతకాలము పనియు రెండింతలు, తగాదాయు రెండింతలు అని వారు గ్రహించిరి.

కాని సాధనము దారిని తగ్గించునే గాని, దృష్టిని మనకు మారుగా తాను పెట్టదు. అడంగలులో సర్వే నెంబరు తప్పుపడిన సంగతి మనలో పెక్కుమందికి తెలియునది అప్పు కావలసినప్పుడో, భూమి అమ్మవలసినప్పుడో, పంటల బీమా రానప్పుడో. అప్పుడు పరుగులు మొదలగును. తప్పును చూచుట యిప్పుడు నిమిషముల పని. దిద్దించుకొనుట మాత్రము నేటికిని దినముల పనియే. కావున పదును దినములు రాకమునుపే, వేసవిలో తీరిక యున్నప్పుడు, ఏటేట ఒక నిర్ణీత దినమున తన లెక్కలను తెఱచి చూచుకొనుటయు, పంట వేసిన పిమ్మట పంట నమోదులో తన పేరు, పైరు, విస్తీర్ణము సరిగా నెక్కినవో లేదో గడువులోపల చూచుకొనుటయు అలవాటు కావలెను. ఇంతటి సులభమైన యలవాటు లేనివానికి "మీ భూమి" యున్నను లేనట్లే.

అదను తెలుపు సాధనములు

పని శీఘ్రముగ చేయుటకంటె, పని చేయవలసిన వేళను తెలిసికొనుట గొప్ప లాభము. 2016లో పటాన్‌చెరువులోని ఇక్రిశాటు సంస్థయు, మైక్రోసాఫ్టు కంపెనీయు కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలమున 175 మంది వేరుసెనగ రైతులకు విత్తుటకు తగిన తేదీని తెలుగులో సందేశముగ పంపిరి. బహువర్షముల వానలెక్కలను కంప్యూటరు గణించి చెప్పిన ఆ సలహా, "ఇప్పుడు తొందరపడవద్దు; జూను చివరి వరకు ఆగుడు" అనునదే. దానిని పాటించినవారి దిగుబడి సగటున 30 శాతము హెచ్చెనని ఆ సంస్థలు ప్రకటించినవి. ఇందు రైతుల కెట్టి వెలగల ఫోనును అవసరము కాలేదు. అక్షరములు చదువు సామాన్యపు ఫోనే చాలినది. ఆ యంత్రము రైతుచేత అధికముగ పని చేయింపలేదు. అకాలపు పనినుండి అతనిని నిలిపినది. విత్తనమును, ఎరువును, కూలిని వ్యర్థము గాకుండ చేయుటయు పని మిగుల్చుటయే గదా!

సంతల విషయమును ఇట్లే. 1997 మొదలు 2001 వరకు కేరళ తీరమున సెల్‌ఫోనులు వచ్చినప్పుడు, పట్టిన చేపలతో సముద్రమునందే యుండి ఏ రేవున ధర యెట్లున్నదో జాలరులు విచారించుకొనసాగిరి. రాబర్టు జెన్సెను అను పరిశోధకుడు 2007లో ప్రకటించిన లెక్క ప్రకారము, అమ్ముడుపోక పారవేయు చేపలు దాదాపు లేకుండ బోయెను. జాలరుల లాభము సగటున 8 శాతము హెచ్చెను. కొనువారికి ధర 4 శాతము తగ్గెను. ఒకరి లాభము మరియొకరి నష్టము గాకుండ, వ్యర్థమైనదే యిరువురకు లాభమైనది. మన పట్టు రైతునకును ఈ నీతి వర్తించును. పట్టుగూడు కోసిన పిమ్మట కొలది దినములలో అమ్ముడుపోవలెను. లేనిచో చిలుక గూటిని తొలిచికొని వెలుపలికి వచ్చును. హిందూపురమునకు పోవుటయో, రామనగరమునకు పోవుటయో బండి కట్టకమునుపే, ఆనాటి ధరలను విచారించి నిశ్చయించుకొన్నవాడు ఒక దినమును, బాడుగను మిగుల్చుకొనును.

కాలమును త్రాగు సాధనములు

ఇంతవరకు సాధనముల మేలు చెప్పితిమి. ఇక రెండవ ప్రక్క. ఆ ధరను విచారించుటకు తీసిన ఫోను, ధర తెలిసిన పిమ్మట జేబులోనికి పోవుచున్నదా? పోవుట లేదు. ఒక వాట్సాపు గుంపులో శుభోదయములు, మరియొక గుంపులో వాదములు, పిమ్మట ఒక చిన్న చలనచిత్రము, దాని వెనుక వేఱొకటి. రెండు నిమిషముల పనికై తెఱచిన పలక ముప్పావుగంట పిమ్మట మూతపడుచున్నది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గ్లోరియా మార్కు అను శాస్త్రవేత్త కచేరీ ఉద్యోగుల పనిని చిరకాలము పరిశీలించెను. ఒక తెరపై దృష్టి నిలుచు కాలము 2004లో సగటున రెండున్నర నిమిషములు కాగా, ఇటీవలి సంవత్సరములలో అది 47 సెకనులకు దిగినదని ఆమె తెలిపెను. మధ్యలో విడిచిన పనికి మరలి వచ్చుటకు 20 నిమిషములకు మించి పట్టుచున్నదనియు ఆమె పరిశీలనలో తేలినది. అనగా మన పాత లెక్కలో ఒక్కొక్క యంతరాయము వెల దాదాపు ఒక గడియ.

సాధనమే పనిని పెంచిన సందర్భములును లేకపోలేదు. ఉపాధి పనులలో కూలివారి హాజరును దినమునకు రెండు మారులు ఛాయాచిత్రముతో ఫోనునందు నమోదు చేయు పద్ధతి 2021లో వచ్చి, 2023 జనవరి 1వ తేదీనుండి తప్పనిసరి గావింపబడెను. దొంగహాజరును నివారించుట దాని యుద్దేశము. అది మంచి యుద్దేశమే. కాని సంకేత మందని గుట్టల నడుమ చిత్ర మెక్కనినాడు చేసిన పనికి హాజరు పడలేదను ఫిర్యాదులు దేశమున పలుచోట్ల వినవచ్చినవి. ఉదయమే వచ్చి పని ముగించుకొన్న కూలివాడు రెండవ చిత్రముకొఱకు ఎండలో నిలువవలసి వచ్చినచో, ఆ యంత్రము మిగిల్చినది ఎవరి కాలము, ఖర్చు చేసినది ఎవరి కాలము అని యడుగవలసి యున్నది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడినది మొదలు, అడిగిన మాత్రమున అర్జీలు, ఉత్తరములు, నివేదికలు వ్రాసియిచ్చు యంత్రములును మన వాడుకలోనికి వచ్చినవి. తెలుగులోను అవి వ్రాయుచున్నవి. చదువు తక్కువైన కుటుంబమునకు ఒక అర్జీ తిన్నగ వ్రాసి పెట్టువాడు దొరకుట గొప్ప యుపకారమే. అయినను రెండు జాగ్రత్తలు వలయును. ఆ యంత్రము తెలియని సంగతిని కూడ తెలిసినట్లు నిస్సంకోచముగ వ్రాయును; సర్వే నెంబరు, తేదీ, పేరు, మొత్తము అను నాలుగింటిని మన కన్నులతో సరిచూచుకొనక పంపరాదు. మఱియు పది పంక్తులలో చెప్పదగినదానిని వ్రాయుట సులభమైనదని నూరు పంక్తులు చేసినచో, వ్రాయువాని కాలము మిగిలి, చదువువాని కాలము మండిపోవును.

చిట్టా, ఆవర్జా, గడియ, వంతు

అలవాట్ల విషయమున మనము పరదేశముల గ్రంథములను ఆశ్రయింప నక్కఱలేదు. మన పెద్దల యంగడులను, చెఱువులను జ్ఞాపకము చేసికొన్న చాలును. హిందూపురపు వర్తకుని తాత చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు ఉంచెడివాడు. జరిగిన ప్రతి వ్యవహారమును జరిగిన క్షణముననే చిట్టాలో పడవలెను; సాయంకాలము దానిని పద్దు పద్దుగ ఆవర్జాలోనికి ఎక్కింపవలెను. జ్ఞాపకముపై ఆధారపడరాదనునది దాని సారము. 2001లో డేవిడ్ ఆలెన్ అను అమెరికా రచయిత "గెటింగ్ థింగ్స్ డన్" అను పుస్తకమున, మనసులోని పనులన్నిటిని నమ్మదగిన యొక చోటికి దింపుకొనుడని బోధించి ప్రసిద్ధుడయ్యెను. అది మన చిట్టాయే.

నేటి లోపమేమనగా మనకు చిట్టా లొకటి గాదు, పది యున్నవి. కొంత వాట్సాపులో, కొంత ఛాయాచిత్రములలో, కొంత బ్యాంకు సందేశములలో, కొంత కాగితపు ముక్కలపై పడియున్నది. 2016లో వచ్చిన యూపీఐ చెల్లింపు పద్ధతివలన అంగడివానికి చిల్లర బెడద తీరినది. సొమ్ము వచ్చినదని పెట్టె పలుకుచున్నది. కాని అది యెవరి బాకీక్రింద జమ, ఏ సరకు క్రింద జమ యని పెట్టె చెప్పదు. ఫోనులోనే యొక పుస్తకమును ఏర్పఱచుకొని, వచ్చిన మాటను వచ్చినప్పుడే ఒక పంక్తిగ వ్రాసి, దీపము పెట్టు వేళ పావుగంట కూర్చుండి పద్దులకు ఎక్కించువానికి నెలాఖరున రెండు దినములు మిగులును. కాగితముల ఛాయలను సైతము తీసిననాడే సర్వే నెంబరు, సంవత్సరము, విషయము అను మూడు మాటలతో పేరిడి యుంచినచో, వేయి చిత్రముల నడుమ పట్టాదారు పుస్తకమును వెదకికొను దురవస్థ తప్పును.

ఇక పనివేళ. ఫ్రాన్సెస్కో సిరిల్లో అను ఇటలీవాడు 1980ల చివర టమాటా ఆకారపు వంటింటి గడియారము నెదుట నుంచుకొని, 25 నిమిషములు ఒకే పని, పిమ్మట కొంచెము విరామము అను పద్ధతి నేర్పరచెను. లోకమంతయు దానిని క్రొత్త విద్యగ గ్రహించినది. దినమునకు అరువది గడియలు, గడియకు 24 నిమిషములు అని లెక్కించిన మనకు ఆ కొలత పాతదే. ఒక గడియ కాలము ఫోనును ఇంకొక గదిలో నుంచి, చేపట్టిన పని యొక్కదానినే చేయుడు. దినమునకు అట్టి గడియలు ఎనిమిది దొరకినచో, కచేరీలో దినమంతయు కూర్చున్నవానికంటె ఎక్కువ పని తీరును.

సందేశముల విషయమున నీరుగంటిని జ్ఞాపకము చేసికొనవలెను. చెఱువు నిండినంతమాత్రమున పొలములు తడియవు. తూము నెప్పుడు తెఱవవలెనో, ఏ మడికి ఎంతసేపు పాఱవలెనో నిర్ణయించు నీరుగంటి లేనిచో, పై మడులు మునుగును. చివరి మడులు ఎండును. అడిగినవారి కెల్ల అడిగినప్పుడెల్ల తూము తెఱచు నీరుగంటిని ఏ గ్రామమును సహింపదు. మన దృష్టి విషయమున మాత్రము మనము అట్లే చేయుచున్నాము. ఫోను పలికినప్పుడెల్ల తూము తెఱచుచున్నాము. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము అని సందేశములకు మూడు వంతులు పెట్టుకొని, అత్యవసరమైనచో నేరుగ మాటాడుడని తక్కినవారికి ముందుగ తెలిపినచో, లోకమేమియు తలక్రిందులు కాదు. నిజముగ ఆగరాని సంగతులు దినమునకెన్ని వచ్చునో వారము దినములు లెక్కించి చూచిన పాఠకులకే తెలియును.

కచేరీల బాధ్యత

అయితే అలవాట్లన్నియు ప్రజలే నేర్చుకొనవలెనని చెప్పి కచేరీలు చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. గ్రామ సచివాలయపు ఉద్యోగి యొకే కుటుంబపు వివరములను వేఱువేఱు శాఖలకై వేఱువేఱుగ ఫోనులో నెక్కించుచున్నంతకాలము, అతని తీరిక ప్రజలకు దక్కదు. ఒకమారు వ్రాసినదానిని మరల వ్రాయింపరాదు. కంప్యూటరునందున్న పత్రమును ప్రజలనుండి కాగితముగ కోరరాదు. క్రొత్త పద్ధతి వచ్చిననాడు పాత పద్ధతి యేనాడు ఆగునో అదే ఉత్తరువులో చెప్పవలెను. ఈ మూడు నియమములు ఏ కచేరీలో నడచునో, అచ్చట కంప్యూటరు వెల వచ్చినట్లే.

మఱియు ఫోను లేనివారిని మఱవరాదు. ఇంటి కొక్కటే ఫోనుండి అది కుమారునితో బెంగుళూరు పోయినప్పుడు, ఇంటనున్న వృద్ధురాలికి "మన మిత్ర" మిత్రము కాజాలదు. స్మార్టుకార్డుల పరీక్షలో కాలమును మిగిల్చినది గ్రామములోనే యుండి డబ్బు పంచిన మనిషి యని చూచితిమి. కావున గ్రామమున ఒక మనుష్యుడు, ఒక నిర్ణీత వేళ, ఒక నిర్ణీత స్థలమున ఈ పనులు చేసిపెట్టు నేర్పాటు ఫోనుతో పాటు ఉండవలెనే గాని, ఫోను వచ్చినదని మనిషిని తీసివేయరాదు. గ్రామములలోని చదువుకొన్న భూస్వాములును, పట్టణవాసులగు వారి సంతతియు వారమున కొక గంట ఈ కార్యమునకు ఇచ్చినను అనేక కుటుంబములకు దినములు మిగులును.

క్రొత్త సాధనమేదైనను చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఇది యే దారిని తగ్గించుచున్నది? దీనివలన ఏ పాత పని ఆగిపోవుచున్నది? మిగిలిన కాలమును ఏ పనికి ముందుగనే వంతు పెట్టితిమి? మొదటిదానికి యంత్రము సమాధానము చెప్పును. రెండవదానికి కచేరీలు చెప్పవలెను. మూడవదానికి ఎవరి సమాధానము వారిదే. దానిని ఏ కంపెనీయు, ఏ ప్రభుత్వమును మనకు మారుగా చెప్పజాలదు.

ఈ పీఠభూమికి వానలను పెంచుట మన చేతిలో లేదు. కురిసిన వానను గట్లు కట్టి నిలుపుకొనుట మన పెద్దలు నేర్చిరి. కాలమును అట్లే నిలుపుకొనుట మన తరము నేర్వవలసియున్నది. జూను మాసమున మంచి వాన కురిసిన మఱునాడు చిలమత్తూరు రైతు తన పొలములో గొఱ్ఱు వెనుక నడువగలిగెనా, లేక కచేరీ వాకిటనో, ఫోను తెర యెదుటనో ఆ పదునును పోగొట్టుకొనెనా? ఈ యంత్రములన్నిటి ప్రయోజనమును తూచుటకు ఈ సీమలో ఇంతకంటె సరియైన త్రాసు లేదు.